అరవై సెకన్ల మనిషి

2004 ఆగస్టు 20, ఏథెన్స్ ఒలింపిక్ వెలోడ్రోమ్. సైకిలు పందేల్లో పురుషుల కిలోమీటరు టైమ్ ట్రయల్ జరుగుతోంది. ఈ పోటీలో ఒక్కొక్కరే ట్రాక్ మీదికి వస్తారు. నిలబడి ఉన్న చోటి నుంచి బయలుదేరి 250 మీటర్ల చుట్టును నాలుగుసార్లు తిరుగుతారు. పక్కన పోటీదారు ఉండడు, వెనక తరిమేవాడు ఉండడు. ఉన్నదల్లా గడియారమే. ఆ రోజు చివరి వంతు స్కాట్లాండ్‌కు చెందిన క్రిస్ హోయ్‌ది. ఆయన వంతు వచ్చేసరికే నాలుగేళ్ల కిందటి సిడ్నీ ఒలింపిక్ రికార్డును ముగ్గురు దాటేశారు. ఆస్ట్రేలియా రైడర్ షేన్ కెల్లీ 1 నిమిషం 1.224 సెకన్లలో, జర్మనీ రైడర్ స్టెఫాన్ నిమ్కే 1 నిమిషం 1.186 సెకన్లలో, ఫ్రాన్స్ రైడర్ ఆర్నో టూర్నాన్ 1 నిమిషం 0.896 సెకన్లలో పూర్తిచేశారు.

అంతకు కొన్ని నెలల ముందు బ్రిటిష్ జట్టు మనోవైద్యుడు స్టీవ్ పీటర్స్ హోయ్‌ను ఒక ప్రశ్న అడిగారు. నీకంటే ముందు వెళ్లినవాడు ప్రపంచ రికార్డు బద్దలు కొడితే నువ్వేం చేస్తావు? అలా జరగదులే అని సర్దిచెప్పుకోవడం జవాబు కాదు. జరిగినట్టే ఊహించుకోవాలి, ఆ ఊహలోనే తన నాలుగు చుట్లూ పూర్తిచేయాలి. హోయ్ దాన్నే రోజూ సాధన చేశారు. ఏథెన్స్‌లో ఇంచుమించు అదే ఎదురైంది. ఆయన సమయం 1 నిమిషం 0.711 సెకన్లు. స్వర్ణం. సున్నా నుంచి మొదలుపెట్టినా సగటు వేగం గంటకు 59.3 కిలోమీటర్లు.

ఆ నిమిషంలో ఆయన శరీరంలో ఏం జరిగిందో తెలిస్తే ట్రాక్ స్ప్రింటర్ జీవితం సగం అర్థమైనట్టే. మిగతా సగం గాలికి సంబంధించినది.

మొదట సైకిలు సంగతి చూద్దాం. ట్రాక్ సైకిలుకు బ్రేకులు ఉండవు. గేరు మార్చే వీలుండదు. ఫ్రీవీల్ కూడా ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితోపాటు కాళ్లూ తిరగక తప్పదు. మన సైకిళ్ల మీద తొక్కడం ఆపేసి ఊరికే కూర్చుని సాగిపోతాం చూడండి, అది ఇక్కడ కుదరదు. బయలుదేరేటప్పుడు వెనక చక్రాన్ని ఒక యంత్రం బిగించి పట్టుకుంటుంది. గడియారం అంకెలు తగ్గుతూ వస్తాయి, చివరి ఐదు సెకన్లకూ బీప్ శబ్దం వినిపిస్తుంది, సున్నా దగ్గర యంత్రం చక్రాన్ని వదిలేస్తుంది. గంటకు 65 కిలోమీటర్లకు పైబడిన వేగానికి తగ్గట్టు ఎంచుకున్న పెద్ద గేరుతోనే సున్నా నుంచి కదలాలి. అందుకే మొదటి రెండు మూడు తొక్కుళ్లలో రైడర్ సీటు మీద ఉండడు. నిలబడి, హ్యాండిల్‌ను రెండు చేతులా పైకి లాగుతూ, ఒంటి బరువంతా ఒక్క పెడల్ మీద వేస్తాడు. జిమ్‌లో 200 కిలోలకు మించిన బరువు భుజాన వేసుకుని గుంజీలు తీయడం ఈ రెండు తొక్కుళ్ల కోసమే.

కండరం పనిచేయడానికి వాడుకునే అసలు ఇంధనం ఎటిపి అనే అణువు. తిన్న అన్నంలోని శక్తి ఈ అణువులోకి చేరితే తప్ప కండరానికి పనికిరాదు. చిక్కేమిటంటే కండరంలో సిద్ధంగా ఉండే ఎటిపి బాగా తక్కువ. ప్రాణం పెట్టి తొక్కితే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. అందుకని శరీరం దాన్ని ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటూ ఉంటుంది, అదీ మూడు దారుల్లో. మన ఇళ్లలో నీళ్ల ఏర్పాటు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. వంటింట్లో బిందె ఉంటుంది: ముంచితే చాలు, నీళ్లు వచ్చేస్తాయి, కానీ ఇట్టే ఖాళీ అవుతుంది. ఇంటి మీద ట్యాంకు ఉంటుంది: కుళాయి తిప్పితే జోరుగా వస్తాయి, కాసేపు వస్తాయి. పెరట్లో బోరు ఉంటుంది: మోటారు వేశాక నీరు పైకి రావడానికి టైము పడుతుంది, ధార సన్నం, కానీ రోజంతా వస్తుంది. కండరంలో బిందె పేరు క్రియాటిన్ ఫాస్ఫేట్, అది పది సెకన్ల లోపు పనికి సరిపోతుంది. ట్యాంకు గ్లైకోజెన్. దాన్ని ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టి ఎటిపి తయారుచేసుకోవచ్చు, కాకపోతే ఒక నిమిషం దాటేసరికి ఆ జోరు తగ్గిపోతుంది. బోరు మనం పీల్చే ఆక్సిజన్.

వంద మీటర్ల పరుగు చాలావరకు బిందెతో గడిచిపోతుంది. మారథాన్ బోరు మీద నడుస్తుంది. కిలోమీటరు టైమ్ ట్రయల్ మాత్రం మూడింటినీ అడుగు దాకా లాగేస్తుంది. నిమిషం పాటు శక్తినంతా పెట్టి చేసే పనిలో దాదాపు సగం శక్తి ఆక్సిజన్ నుంచే వస్తుందని శరీరధర్మ శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. స్ప్రింట్ అనగానే ఊపిరితో పనిలేదు అనుకుంటాం, అది పూర్తిగా నిజం కాదన్నమాట. అందుకే కిలోమీటరు రైడర్‌ది విచిత్రమైన శరీరం. దానికి స్ప్రింటర్ తొడలూ కావాలి, దూరపు పందేలు తొక్కేవాడి గుండెలో కొంత భాగమూ కావాలి. ఒకటి పెంచుతుంటే రెండోది తగ్గుతూ ఉంటుంది.

ఏ కిలోమీటరు పోటీలోనైనా చుట్ల సమయాలు చూడండి. మొదటి చుట్టు నెమ్మది, ఎందుకంటే సున్నా నుంచి మొదలు. రెండోది అన్నిటికన్నా వేగం. మూడోది కొంచెం తగ్గుతుంది, నాలుగోది ఇంకా తగ్గుతుంది. వేగం పెంచుకుంటూ పోయి గెలిచేవాడు ఇందులో ఉండడు. తక్కువగా తగ్గినవాడిదే గెలుపు. చివరి చుట్టులో రైడర్ భుజాలు ఊగడం మొదలవుతుంది, మోకాళ్లు పక్కలకు పోతాయి, చుట్టు దూరాన్ని కొలిచే నల్ల గీత మీద ఉండాల్సిన చక్రం పైకి జారిపోతూ ఉంటుంది. ముగింపు గీత దాటాక చాలామంది సైకిలు దిగలేరు, ఎవరో వచ్చి పట్టుకోవాలి. నేల మీద పడుకుని పది నిమిషాలు మెలికలు తిరుగుతారు, వాంతులు చేసుకుంటారు.

దీనికంతటికీ కారణం లాక్టిక్ ఆమ్లమేనని బడి పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. కండరాల మీద పరిశోధనకు ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మేయర్‌హోఫ్‌లు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆక్సిజన్ అందని కండరంలో గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుందన్నది ఆ రోజుల్లో బలపడిన విషయమే. అక్కడి నుంచి, అలసటకు అదే దోషి అన్న నమ్మకం స్థిరపడిపోయింది. 1980ల్లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బ్రూక్స్ దీన్ని తిరగదోడారు. లాక్టేట్ పారబోయాల్సిన చెత్త కాదనీ, ఒక కండరంలో పుట్టి రక్తంలో ప్రయాణించి గుండెకూ ఇతర కండరాలకూ ఇంధనంగా మారుతుందనీ చూపించారు. మరి ఆ అలసట ఎక్కడిది? కండరంలో ఆమ్లత్వం పెరగడం ఒక కారణం. క్రియాటిన్ ఫాస్ఫేట్ విరిగినప్పుడు వచ్చే ఫాస్ఫేట్ పోగుపడటం మరొకటి. కండరాన్ని బిగించమని చెప్పే కాల్షియం విడుదల తగ్గిపోవడం ఇంకొకటి. విశ్రాంతిగా ఉన్నప్పుడు లీటరు రక్తంలో ఒక మిల్లీమోల్ దగ్గర ఉండే లాక్టేట్ ఇలాంటి నిమిషం తర్వాత 15 దాటి, ఒక్కోసారి 20 దాకా పోతుంది. రక్తం ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి పడే యాతనే ఆ రొప్పూ, ఆ వాంతీ.

ఇంత బాధను వృత్తిగా ఎంచుకున్న మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? హోయ్ 1976 మార్చి 23న ఎడింబరోలో పుట్టారు. ఆరేళ్ల వయసులో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’ సినిమాలో పిల్లలు బీఎంఎక్స్ సైకిళ్ల మీద దూసుకుపోవడం చూసి తనకూ సైకిలు కావాలన్నారు. తల్లి పాత సామాన్ల అమ్మకంలో ఐదు పౌండ్లకు ఒకటి కొనిచ్చింది. పద్నాలుగేళ్ల దాకా బీఎంఎక్స్ పోటీలు తొక్కారు, బ్రిటన్‌లో రెండో ర్యాంకు దాకా వెళ్లారు. ఆ తర్వాత పడవ పందేల్లో స్కాట్లాండ్ జూనియర్ జట్టుకు ఆడారు. పదహారేళ్లు వచ్చాక ఎడింబరోలోని మెడోబ్యాంక్ వెలోడ్రోమ్‌కు చేరారు. 1970 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన చెక్క ట్రాక్ అది, పైకప్పు ఉండేది కాదు. స్కాట్లాండ్‌లో ఎండ ఉన్న రోజులు ఎన్నని? చెక్క తడిస్తే ఆ రోజుకు సాధన లేనట్టే.

ఆయన కెరీర్ సరైన సమయంలో మొదలైంది. 1994లో మాంచెస్టర్‌లో పైకప్పున్న వెలోడ్రోమ్ తెరిచారు. 1990ల చివర్లో జాతీయ లాటరీ డబ్బు క్రీడలకు రావడం మొదలైంది. అంతకుముందు బ్రిటన్‌లో ట్రాక్ సైక్లింగ్ అంటే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చేసే సాధన. డబ్బు వచ్చాక కోచ్‌లు, కొలతలు, ప్రయోగశాలలు వచ్చాయి. ఈలోగా హోయ్ ఫిజిక్స్, గణితం చదువుదామని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరి, వదిలేసి, ఎడింబరోకు తిరిగివచ్చి క్రీడాశాస్త్రంలో 1999లో పట్టా తీసుకున్నారు. అదే ఏడాది ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ రజతం, 2000లో సిడ్నీలో మళ్లీ అదే రజతం వచ్చాయి. 2002లో కోపెన్‌హాగెన్‌లో కిలోమీటరులో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ప్రతిభ లేకపోతే ఇవేవీ రావు, నిజమే. కానీ అదే ప్రతిభ పదేళ్లు ముందు పుట్టి ఉంటే వానలో తడిసిన మెడోబ్యాంక్ చెక్క మీదే ఆగిపోయేదని నా అభిప్రాయం.

ఏథెన్స్ స్వర్ణం తర్వాత ఏడాది తిరగక ముందే ఆ పోటీయే లేకుండా పోయింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసింగ్‌కు చోటు ఇవ్వడానికి పురుషుల కిలోమీటరునూ, మహిళల 500 మీటర్ల టైమ్ ట్రయల్‌నూ తీసేస్తున్నట్టు 2005 జూన్‌లో ప్రకటించారు. అప్పటికి హోయ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. పదేళ్ల పాటు ఒక్క నిమిషం కోసం మలుచుకున్న శరీరం అది. ట్రాక్ సైక్లింగ్‌లో మోసానికీ, ఎత్తుగడకూ, అదృష్టానికీ చోటు లేని స్వచ్ఛమైన పరీక్ష కిలోమీటరు. దాన్ని తీసేయడం తప్పు నిర్ణయమని నేను అనుకుంటున్నాను. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో అది ఇప్పటికీ ఉంది, ఒలింపిక్స్‌కు మాత్రం తిరిగి రాలేదు.

హోయ్ రిటైర్ కాలేదు. ఆ పోటీకి వీడ్కోలు చెప్పే ముందు ఒక పని పెట్టుకున్నారు: ప్రపంచ రికార్డు. దానికోసం 2007 మేలో బొలీవియాలోని లా పాజ్ వెళ్లారు. అక్కడి వెలోడ్రోమ్ సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఊపిరి ఆడని చోటికి వెళ్లి వేగంగా తొక్కడమేమిటి అనిపిస్తుంది. జవాబు గాలిలో ఉంది.

గంటకు అరవై కిలోమీటర్లు దాటాక సైక్లిస్టు ఖర్చుపెట్టే శక్తిలో తొంభై శాతానికి పైగా గాలిని చీల్చడానికే పోతుంది. చక్రాల రాపిడి, చైను రాపిడి అన్నీ కలిపినా మిగతా పదిలోపే. పైగా గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. కావలసిన పవర్ అయితే వేగం ఘనంతో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగం నుంచి 72కు పోవాలంటే పెరిగిన వేగం ఐదో వంతు, కావలసిన పవర్ మాత్రం 73 శాతం ఎక్కువ. అంటే కండరం పెంచి వేగం కొనడం చాలా ఖరీదైన బేరం. గాలిని తగ్గించుకోవడం చవక. హెల్మెట్ ఆకారం, ఒంటికి అతుక్కునే దుస్తులు, మోచేతులు లోపలికి ముడుచుకోవడం, ఇవన్నీ ఆ బేరంలో భాగమే. లా పాజ్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. ఆక్సిజన్ కూడా తక్కువే, కానీ నిమిషం పనిలో సగం శక్తి ఆక్సిజన్‌తో పనిలేకుండా వస్తుంది కదా. నష్టం కన్నా లాభం పెద్దది.

టూర్నాన్ 2001లో అదే ట్రాక్ మీద నెలకొల్పిన రికార్డు 58.875 సెకన్లు. హోయ్ మొదటి రోజు 59.103లో తొక్కారు. మర్నాడు మళ్లీ ప్రయత్నించారు: 58.880. తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు. ఆ వేగంలో అది ఎనిమిది సెంటీమీటర్ల దూరం, అంటే బెత్తెడు. అదే ప్రయాణంలో, ముందే వేగం అందుకుని తొక్కే 500 మీటర్ల ఫ్లయింగ్ రికార్డును 24.758 సెకన్లతో బద్దలు కొట్టారు, పాత రికార్డు కంటే సెకనుకు పైగా తక్కువ. కానీ ఆయన వెళ్లింది ఆ బెత్తెడు కోసం. టూర్నాన్ రికార్డు 2013 దాకా నిలిచింది. మెక్సికోలోని అగ్వాస్‌కాలియెంటెస్‌లో ఫ్రాన్స్‌కే చెందిన ఫ్రాన్సువా పెర్వీ 56.303 సెకన్లలో తొక్కి దాన్ని చెరిపేశారు. అది కూడా ఎత్తు మీద ఉన్న ట్రాకే.

ఇక ఒలింపిక్స్‌లో మిగిలినవి మూడు: టీమ్ స్ప్రింట్, కీరిన్, వ్యక్తిగత స్ప్రింట్. వీటిలో అసలు పోరు పది నుంచి ఇరవై సెకన్ల లోపు తేలిపోతుంది. నిమిషం మనిషి పది సెకన్ల మనిషిగా మారాలి. మన కండరాల్లో నెమ్మదిగా బిగిసి చాలాసేపు అలవని పోగులూ ఉంటాయి, చటుక్కున బిగిసి త్వరగా అలిసే పోగులూ ఉంటాయి. ఎవరికి ఏవి ఎంత పాళ్లలో ఉంటాయన్నది చాలావరకు పుట్టుకతో వస్తుంది. సాధనతో ఆ పోగులను లావుచేయవచ్చు, వాటికి ఆజ్ఞలు మోసే నరాల వేగం పెంచవచ్చు. కానీ ఎక్కువసేపు చేసే సాధన వేగపు పోగులను ఓర్పు వైపు జరుపుతుంది. నిమిషం పాటు నిలబడటానికి చేసిన సాధనలో కొంత భాగం ఇప్పుడు అడ్డంకి అయింది.

స్ప్రింటర్ల సాధన చూసినవాళ్లకు వీళ్లు పనిచేస్తున్నారా, కూర్చుంటున్నారా అన్న అనుమానం వస్తుంది. పది సెకన్లు తొక్కుతారు. తర్వాత ఇరవై నిమిషాలు, అరగంట కుర్చీలో కూర్చుంటారు, లేదంటే రోలర్ల మీద నెమ్మదిగా కాళ్లు ఆడిస్తారు. మళ్లీ పది సెకన్లు. ఖాళీ అయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ మళ్లీ నిండటానికి నిమిషాలు పడుతుంది, నరాలు తేరుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లోపే మళ్లీ తొక్కితే అది స్ప్రింట్ సాధన కాదు, ఓర్పు సాధన అవుతుంది. కూర్చోవడం కూడా పనిలో భాగమే.

ఆ పది సెకన్లలో వచ్చే పవర్ ఎంత? మేటి స్ప్రింటర్లు ఒకటి రెండు సెకన్లకు 2,000 వాట్లు దాటుతారు. ఇది ఎంతో తెలియడానికి 2015లో జర్మన్ స్ప్రింటర్ రాబర్ట్ ఫోర్స్టెమాన్ చేసి చూపిన ప్రయోగం ఉంది. 700 వాట్ల టోస్టర్‌ను సైకిలుకు కలిపి, తొక్కుతూ ఒక్క రొట్టెముక్కను కాల్చారు. అందుకు ఆ 700 వాట్లను ఆపకుండా నిలబెట్టాలి. ప్రపంచంలో అందరికన్నా పెద్ద తొడలున్న రైడర్లలో ఒకరైన ఆయన, రొట్టె ఎర్రబడేసరికి నేల మీద పడిపోయారు.

పవర్ రావడానికి బలం ఒక్కటే చాలదు, దాన్ని కాలి వేగంతో హెచ్చించాలి. మరీ నెమ్మదిగా తిప్పినా, మరీ వేగంగా తిప్పినా పవర్ పడిపోతుంది. స్ప్రింటర్లకు నిమిషానికి 120, 130 చుట్ల దగ్గర అది గరిష్ఠం. గంటకు 70 కిలోమీటర్లలో చిన్న గేరు వాడితే కాళ్లు 150 దాటి తిరగాలి, అక్కడ కండరం బిగిసి సడలడానికి సమయమే చాలదు. గత ఇరవయ్యేళ్లలో స్ప్రింటర్లు గేరు పెంచుకుంటూ పోవడానికి కారణం ఇదే. పెద్ద గేరు కదలడానికి బలం ఎక్కువ కావాలి, అందుకే జిమ్ సాధనా దాంతోపాటే పెరిగింది.

కీరిన్ జపాన్ ఆట. యుద్ధానంతరం 1948లో కొకురా పట్టణంలో పందెం డబ్బుతో పురపాలికలకు ఆదాయం తేవడానికి మొదలుపెట్టారు. 2000లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ముందు ఒక మోటారు సైకిలు వెళ్తూ వేగాన్ని మెల్లగా గంటకు 50 కిలోమీటర్ల దాకా పెంచుతుంది, ఆరుగురో ఏడుగురో రైడర్లు దాని వెనక వరుసగా వెళ్తారు. అది పక్కకు తప్పుకోగానే యుద్ధం. ముందువాడి వెనక ఉన్నవాడికి మూడో వంతుకు పైగా శక్తి ఆదా అవుతుంది కాబట్టి అందరికీ వెనకే ఉండాలని ఉంటుంది. అయితే మరీ వెనక ఉంటే దాటడానికి దూరం మిగలదు. ఈ లెక్కలో నిమిషం శరీరానికి ఒక లాభం ఉందని హోయ్ గ్రహించారు. పది సెకన్ల రైడర్ చివరి చుట్టు దాకా దాక్కోవాలి, ఆయన మాత్రం రెండు చుట్ల ముందే ముందుకు వెళ్లి, ఆ వేగాన్ని చివరిదాకా నిలబెట్టగలరు. ఎవరైనా దాటాలంటే ఆయనకన్నా పైనుంచి, ఆయనకన్నా ఎక్కువ దూరం తొక్కాలి. పోయిన పోటీ కోసం సంపాదించుకున్న బలం కొత్త పోటీలో ఆయుధమైంది. 2007లో కీరిన్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యారు.

స్ప్రింట్ ఇంకా కష్టం. ఇద్దరే, మూడు చుట్లు, సమయంతో పనిలేదు. ఎవరు ముందు గీత దాటితే వారిదే గెలుపు. మొదటి రెండు చుట్లూ ఇద్దరూ నడక వేగంతో ఒకరినొకరు చూసుకుంటూ పోతారు, ఒక్కోసారి కదలకుండా సైకిలు మీద నిలబడిపోతారు, ఎవరు ముందుంటే వారు గాలిని చీల్చాలి కాబట్టి. 1968లో ఇటలీలోని వరేజేలో పెట్టెనెల్లా, బియాంకెట్టో అనే ఇద్దరు గంటకు పైగా అలా నిలబడ్డారు. ఇప్పుడు 30 సెకన్లకు మించి నిలబడనివ్వరు. ట్రాక్ ఎత్తు కూడా ఆయుధమే. మూడు మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకితే, పెడల్ మీద అదనంగా ఏమీ వేయకుండానే గంటకు 40 కిలోమీటర్ల వేగం 48 దాటుతుంది. భూమి ఉచితంగా ఇచ్చే వేగం అది. ఈ ఆటలో హోయ్ ఆలస్యంగా దిగారు. అయినా 2008 మార్చిలో మాంచెస్టర్‌లో స్ప్రింట్ ప్రపంచ టైటిల్ గెలిచారు. 1954లో రెజ్ హారిస్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన మొదటి బ్రిటిష్ పురుషుడు ఆయనే.

ఆ ఆగస్టులో బీజింగ్‌లో టీమ్ స్ప్రింట్, కీరిన్, స్ప్రింట్ మూడూ గెలిచారు. స్ప్రింట్ అర్హత పోటీలో 200 మీటర్లను 9.815 సెకన్లలో దాటారు, గంటకు 73 కిలోమీటర్ల పైమాట. టీమ్ స్ప్రింట్‌లో ముగ్గురు ఒకరి వెనక ఒకరు బయలుదేరి, ఒక్కో చుట్టుకు ఒకరు తప్పుకుంటారు. మూడోవాడు చివరి చుట్టు ఒంటరిగా తొక్కాలి. ఆ మూడో స్థానానికి నిమిషం శరీరం సరిగ్గా సరిపోతుంది. మన దేశానికి సైక్లింగ్‌లో తొలి ప్రపంచ స్వర్ణం వచ్చింది కూడా టీమ్ స్ప్రింట్‌లోనే. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్, మణిపురి యువకులు కలిసి దాన్ని తెచ్చారు.

2012 లండన్ నాటికి హోయ్‌కు ముప్పై ఆరేళ్లు. నిబంధన మారింది, వ్యక్తిగత స్ప్రింట్‌లో దేశానికి ఒక్కరే. ఆ చోటు పన్నెండేళ్లు చిన్నవాడైన జేసన్ కెనీకి దక్కింది, అతను గెలిచాడు కూడా. హోయ్‌కు మిగిలినవి రెండు. టీమ్ స్ప్రింట్‌లో ఫిలిప్ హిండ్స్, కెనీలతో కలిసి 42.600 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచారు. ఆగస్టు 7న కీరిన్ ఫైనల్.

ఆ చివరి చుట్టును నేను చాలాసార్లు చూశాను. హోయ్ ముందున్నారు. జర్మనీ రైడర్ మాక్సిమిలియన్ లెవీ పైనుంచి దూసుకొచ్చి ఆయన్ని దాటినంత పని చేశాడు. అంతా అయిపోయిందనిపించే క్షణం అది. హోయ్ మాత్రం లోపలి గీత వదల్లేదు. వెలోడ్రోమ్ వంపుల్లో చెక్క 42 నుంచి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ చూసినవారికి ఆ వాలు ఎలా లేస్తుందో కొంత తెలుసు. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో అంత చిన్న వంపు తిరిగేటప్పుడు రైడర్‌ను చెక్క మీదికి అదిమే బలం ఆయన బరువుకు రెట్టింపు. ట్రాక్ వాలు లేకపోతే చక్రం జారి బయటికి పోతుంది. ఆ రెట్టింపు బరువుతోనే తొక్కాలి. ఇక దూరం సంగతి: ఒక మీటరు పైన తొక్కేవాడు ఒక్క వంపులోనే రెండు మీటర్లకు పైగా ఎక్కువ తిరగాలి. లెవీ ఆ రెండు మీటర్లు కట్టాడు, హోయ్ కట్టలేదు. చివరి వంపు దాటేసరికి చక్రం పక్కన చక్రం, ఆ తర్వాత ముందు చక్రం హోయ్‌ది. ఆరో ఒలింపిక్ స్వర్ణం. అప్పటికి ఏ బ్రిటన్ క్రీడాకారుడికీ అన్ని లేవు.

2013 ఏప్రిల్‌లో రిటైర్ అయ్యారు. మరుసటి ఏడాది కామన్వెల్త్ క్రీడలు గ్లాస్గోలో, ఆయన పేరు పెట్టిన వెలోడ్రోమ్‌లోనే జరిగాయి. అందులో తొక్కాలని ఎవరికి ఉండదు? కానీ వయసు పెరిగేకొద్దీ కండరాల్లో మొదట తగ్గేది వేగపు పోగులే, గట్టి సాధన తర్వాత తేరుకోవడానికి పట్టే రోజులూ పెరుగుతాయి. ఆ లెక్క ఆయనకు బాగా తెలుసు. ఆ ఆరు స్వర్ణాల రికార్డును కెనీ 2021లో టోక్యోలో ఏడో స్వర్ణంతో దాటాడు.

2023లో హోయ్ భుజం నొప్పి అని స్కాన్ తీయించుకున్నారు. అది కండరం నొప్పి కాదని తేలింది. ప్రోస్టేట్‌లో మొదలైన క్యాన్సర్ ఎముకలకు పాకింది, నయం చేయలేని దశకు చేరింది. 2024 అక్టోబరులో ఆ విషయం ఆయనే లోకానికి చెప్పారు. తండ్రికీ, తాతకూ అదే క్యాన్సర్ వచ్చింది. గుండె, ఊపిరితిత్తులు, తొడలు ఎంత బలంగా ఉన్నా ప్రోస్టేట్‌కు ఆ బలం రక్షణ కాదు. తొలి దశలో ఆ క్యాన్సర్ నొప్పి కూడా పెట్టదు. ఆ తర్వాత కూడా ఆయన సైకిలు తొక్కడం మానలేదు. 2025 సెప్టెంబరులో గ్లాస్గోలో, నాలుగో దశ క్యాన్సర్ ఉన్నవారి కోసం వేలమందితో సైకిలు యాత్ర నడిపారు. కుటుంబంలో ఈ జబ్బు ఉన్న మగవారు 45 దాటితే డాక్టరును అడగాలని వెళ్లిన చోటల్లా చెబుతూ వచ్చారు. ఈ అధ్యాయం చదివిన మీకూ అదే విన్నపం. మీ నాన్నకో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ లక్షణమూ లేకపోయినా ఒకసారి డాక్టరును కలిసి పీఎస్ఏ రక్తపరీక్ష గురించి అడగండి.